రంపానికి పదును పెట్టేదెవరు?

భరించలేని బాధని మనవాళ్ళు రంపపు కోత అన్నారు. గొడ్డలి వేటు అనలేదు, కత్తిపోటు అనలేదు. వేటుకైనా పోటుకైనా ఒక్క క్షణం చాలు. రంపం అలా తెమలనివ్వదు. ముందుకీ వెనక్కీ, ముందుకీ వెనక్కీ. అయితే ఈ మాటని మొదట అన్నవాడు మొద్దుబారిన రంపాన్ని చూసే అని ఉంటాడని నా అనుమానం. సరిగ్గా పదును పెట్టిన రంపం బాధపెట్టదు, దాని దారిన అది దిగిపోతుంది. కోసేవాడికీ బాధ ఉండదు, కర్రకీ ఉండదు (కర్రని అడిగినవాళ్ళెవరూ లేరనుకోండి).

రంపాల చరిత్ర రాసినవాళ్ళు చాలామందే ఉన్నారు. పదును చరిత్ర రాసినవాళ్ళు తక్కువ. నాకు ఆసక్తి కలిగించింది ఆ రెండోదే. రంపాన్ని ఎవరు కనిపెట్టారన్నది కాకుండా, అది మొద్దుబారినప్పుడు దాన్ని బాగుచేసే విద్య ఎవరి చేతిలో ఉండేది, ఆ చేతిలోంచి ఏ చేతిలోకి మారింది అన్న ప్రశ్న. అందులోనూ చెయిన్‌సా, అంటే గొలుసు రంపం. అమెరికాలో ఉన్న మీలో చాలామంది గరాజుల్లో ఒకటి పడి ఉంటుంది. గాలివానకి పెరట్లో చెట్టు కూలినప్పుడు కొని ఉంటారు. రెండోసారి వాడబోతే కర్ర తెగక, పొగ వచ్చి, "పాడైపోయింది" అని పక్కన పెట్టి ఉంటారు. పాడైపోలేదు. పదును పోయింది, అంతే.

ఎడారి దేశంలో కూర్చుని రంపాల గురించి రాయడమేమిటని మీకు సందేహం రావడం సహజమే. తబూక్ అంటే సౌదీ అరేబియాకి వాయవ్య మూల, జోర్డాన్ సరిహద్దుకి దగ్గర. సముద్రమట్టానికి 750 మీటర్లకు పైగా ఎత్తులో ఉండటం వల్ల చలికాలంలో ఇక్కడ నిజంగానే చలి. పడమటి వైపున ఉన్న జబల్ అల్ లౌజ్ మీద (బాదంకొండ అని అర్థం) కొన్ని సంవత్సరాలు మంచు కూడా పడుతుంది. ఆ రోజు ఊరంతా కార్లేసుకుని చూడటానికి బయల్దేరుతుంది. భూగర్భ జలాల పుణ్యమా అని ఇక్కడ పెద్ద పెద్ద వ్యవసాయ క్షేత్రాలు వెలిశాయి. 1983లో పెట్టిన తబూక్ వ్యవసాయాభివృద్ధి కంపెనీ వాటిలో పేరున్నది. ఆలివ్, ఖర్జూరం, ద్రాక్ష, పీచ్ తోటలు మైళ్ళకొద్దీ ఉంటాయి. తోట ఉన్నచోట కొమ్మ కొట్టే పని ఉంటుంది. కొమ్మ కొట్టే పని ఉన్నచోట మనవాళ్ళు ఉంటారు. జగిత్యాల, నిజామాబాద్, రాజంపేట, కోనసీమ. క్యాంపులో ఒక వరస గదుల ముందు నడిస్తే మన మాండలికాలన్నీ ఒక్క సాయంత్రంలో వినవచ్చు.

నేను ఇంజనీరింగ్ చదివి, మనలో చాలామందిలాగే చదివినదానికి సంబంధం లేకుండా సాఫ్ట్‌వేర్‌లో స్థిరపడ్డవాణ్ణి. ఇక్కడ ఒక వ్యవసాయ సంస్థకి స్టోర్సు లెక్కల ప్రోగ్రాములు రాస్తాను. లెక్కలు చూసే అలవాటు వల్లనే ఈ విషయం నా కంటబడింది. మా తోటలన్నిటికీ రంపాల గొలుసులు స్టోర్సు నుంచే వెళతాయి. అన్ని తోటలూ ఇంచుమించు ఒకే పని చేస్తాయి. కానీ ఒక్క తోటకి మాత్రం మిగతావాటితో పోలిస్తే గొలుసుల ఖర్చు మూడోవంతు కూడా లేదు. దానికి బదులు గుండ్రటి ఆకురాళ్ళు ఎక్కువ తీసుకుంటున్నారు. ఆకురాయి ధర గొలుసు ధరలో ఏ మూలకి? ముందు లెక్క తప్పేమో అనుకుని మళ్ళీ చూశాను. తప్పు లేదు. ఆ తోటకి వెళితే తెలిసింది, అక్కడ ఒక మనిషి ఉన్నాడని.

మెట్‌పల్లి వైపు పల్లెటూరు ఆయనది. గల్ఫ్‌కి వచ్చి ఇరవై ఏళ్ళు దాటింది. ఇఖామా మీద ఆయన వృత్తి "ఆమిల్", అంటే ఉత్త కూలీ. క్యాంపులో అందరూ రేతి తాత అంటారు. ఆకురాయిని తెలంగాణలో, ఉర్దూలో రేతీ అంటారు కదా. ఇంకో తమాషా ఏమిటంటే ఉర్దూలో ఇసుకకి కూడా అదే మాట వాడతారు. ఈ ఎడారిలో గొలుసు పదును తినేసేది ఇసుక. తిరిగి తెచ్చేది ఆకురాయి. రెంటికీ ఒకటే పేరు. అరబ్బీలోనూ ఇలాంటిదే ఒకటుంది. ఆకురాయిని మిబ్రద్ అంటారు. చలికీ ఇనుము రాపిడికీ ఆ భాషలో ఒకటే ధాతువు. జనవరి రాత్రి తబూక్‌లో గది బయట కూర్చుని ఆకురాయి పట్టుకున్నవాడికి ఆ ధాతువు ఎందుకు ఒకటైందో వ్యాకరణం చెప్పక్కర్లేదు.

ఆయన గురించి మళ్ళీ వస్తాను. ముందు చరిత్ర.

మన ఊళ్ళలో వడ్రంగి తన రంపానికి తానే పదును పెట్టుకునేవాడు. మూడు పలకల ఆకురాయితో ఒక్కో పన్నునీ రాసి, ఒక పన్ను కుడికీ ఒక పన్ను ఎడమకీ రవ్వంత వంచేవాడు. ఆ వంపు లేకపోతే కోసిన సందు రంపం మందమే ఉండి, రంపం అందులో ఇరుక్కుంటుంది. బాడిసె అడిగితే ఇచ్చేవాడేమోగానీ రంపం మాత్రం ఎవరికీ ఎరువిచ్చేవాడు కాదు. కొడవళ్ళకి కక్కు పెట్టడం కమ్మరి పని. కత్తులకి సాన పట్టేవాడు సైకిల్ వెనక చక్రం తిప్పుకుంటూ వీధుల్లోకి వచ్చేవాడు. అంటే ఎవరి పదును ఎవరిదో, ఊళ్ళో ఒక ఏర్పాటు ఉండేది. పెద్ద దుంగల్ని పలకలుగా కోసే కోతపనివాళ్ళు వేరే. దుంగని ఎత్తు మీద పెట్టి, ఒకడు పైన, ఒకడు కింద. కిందవాడి కళ్ళనిండా పొట్టు. వాళ్ళ రంపం పళ్ళు వాళ్ళే రాసుకునేవారు. అది రాని జట్టుకి కూలి గిట్టదు.

అమెరికా పడమటి తీరపు అడవుల్లో ఇదే విద్య వేరే రూపం తీసుకుంది. 1880ల నుంచి అక్కడ మహావృక్షాలను పడగొట్టడానికి గొడ్డలితో పాటు ఇద్దరు లాగే పొడవాటి రంపాలు వచ్చాయి. వాటిలో రెండు రకాల పళ్ళు. కొన్ని కర్ర నారల్ని గీరి తెంపుతాయి, కొన్ని తెగినదాన్ని బయటికి ఊడ్చేస్తాయి. ఊడ్చే పళ్ళు గీరే పళ్ళకన్నా వెంట్రుకవాసి పొట్టిగా ఉండాలి. ఎక్కువ పొట్టయితే పొట్టు బయటికి రాదు. పొడవైతే రంపం దిగదు. ఈ లెక్క అందరికీ చేతకాదు కాబట్టి ప్రతి అడవి క్యాంపులోనూ రంపాలు రాసేవాడని ప్రత్యేకంగా ఒకడు ఉండేవాడు. వాడికి వెలుతురు బాగా పడే కిటికీ ఉన్న పాక వేరేగా ఇచ్చేవారు. చెట్లు నరికేవాళ్ళకన్నా జీతం ఎక్కువ. వాడు అడవిలోకి వెళ్ళేవాడు కాదు, అడవే వాడి దగ్గరికి వచ్చేది, ప్రతి సాయంత్రం, మొద్దుబారి.

ఇక గొలుసు రంపం పుట్టుక చెబితే కొంతమందికి కడుపులో తిప్పవచ్చు. గొలుసుకి పళ్ళు పెట్టి కోయడమనే ఆలోచన మొదట చెట్ల కోసం వచ్చింది కాదు, మనుషుల కోసం. 1780లలో స్కాట్లండ్‌లో జాన్ ఐట్కెన్, జేమ్స్ జెఫ్రే అనే ఇద్దరు వైద్యులు, కాన్పు కష్టమైనప్పుడు తల్లి కటి ఎముక సందుని కోయడానికీ, పుచ్చిన ఎముకని తీసేయడానికీ సన్నటి పళ్ళ గొలుసుని వాడారు. రెండు కొసలా పిడులు, చేత్తో లాగడం. మత్తుమందు అప్పటికింకా లేదు. రంపపు కోత అన్న మాటకి ఇంతకన్నా అక్షరాలా అర్థం దొరకదు. 1830లో బెర్న్‌హార్డ్ హైనె అనే జర్మన్ ఆ గొలుసుని ఒక పట్టీ చుట్టూ తిరిగేట్టు చేసి, తిప్పడానికి చేతిపిడి పెట్టాడు. బొమ్మ చూస్తే ఇప్పటి చెయిన్‌సాకి ముత్తాతని చూసినట్టే ఉంటుంది.

చెట్లకి వచ్చేసరికి ఇంకా చాలా కాలం పట్టింది. శాన్‌ఫ్రాన్సిస్కోకి చెందిన శామ్యూల్ బెన్స్‌కి 1905లో అంతులేని గొలుసు రంపం మీద పేటెంటు వచ్చింది. జర్మనీలో ఆండ్రియాస్ ష్టీల్ 1926లో కరెంటుతో నడిచేదీ, 1929లో పెట్రోలుతో నడిచేదీ తెచ్చాడు. మధ్యలో 1927లో ఎమిల్ లెర్ప్ తన పెట్రోలు రంపాన్ని థురింగియాలోని డోల్మార్ అనే కొండ మీద పరీక్షించి, ఆ కొండ పేరే కంపెనీకి పెట్టుకున్నాడు. ఇవన్నీ ఇద్దరు మనుషులు మోస్తేగానీ కదలనివి. ఒక్కడు పట్టుకుని కోసేలాంటివి మామూలు కావడానికి 1950లు రావాలి. ఇంజన్ల కథ ఇంతే. దాని గురించి పుస్తకాలున్నాయి, నాకు అందులో పెద్ద ఆశ్చర్యం కనపడలేదు.

ఆశ్చర్యం గొలుసులో ఉంది. ఇంజను బలం పెరుగుతున్నా, గొలుసు మీద పళ్ళు మాత్రం పాత చేతి రంపం పళ్ళే. గీరేవి కొన్ని, ఊడ్చేవి కొన్ని, అవే కుడి ఎడమ వంపులు. వేగం మాత్రం ఎన్నో రెట్లు. దాంతో పళ్ళు ఇట్టే మొద్దుబారేవి, కర్రని కోసే బదులు గీకేవి. పదును పెట్టాలంటే ఒక్కో రకం పన్నుకి ఒక్కో కోణం, ఎత్తుల్లో తేడాలు. మళ్ళీ ఆ పాకలో కూర్చున్న నిపుణుడే దిక్కు. యంత్రం ఇరవయ్యో శతాబ్దానిది, పదును పంతొమ్మిదో శతాబ్దానిది.

దీన్ని మార్చినవాడు జోసెఫ్ బ్యూఫోర్డ్ కాక్స్. ఆరెగాన్ రాష్ట్రంలో అడవి పనులు చేసుకునే మనిషి. 1946లో ఒకరోజు వంటచెరకు కొడుతూ, పుచ్చిన మొద్దులో ఒక పురుగుని చూశాడట. కర్రని తొలిచే పెంకుపురుగు పిల్ల, చూపుడువేలంత. అది కర్రని అడ్డంగా, నిలువుగా, ఎటుపడితే అటు వెన్నలా తొలుచుకుపోతోంది. కాక్స్ దాన్ని భూతద్దంతో చూశాడు. దాని దవడలు రెండూ ఇంగ్లీషు సి అక్షరంలా లోపలికి వంగి, ఒకటి ఎడమ నుంచీ ఒకటి కుడి నుంచీ గోకుతున్నాయి. గీరడం, ఊడ్చడం అని రెండు పనులు లేవు. ప్రతి దవడా తానే చెక్కుకుని తానే ఎత్తిపోస్తోంది. ఆయన ఉక్కుతో ఆ ఆకారంలోనే పళ్ళు చేసి, ఒకటి ఎడమకీ ఒకటి కుడికీ గొలుసులో కూర్చాడు. 1947లో భార్య ఆలిస్‌తో కలిసి పోర్ట్‌లండ్‌లో ఇంటి సెల్లార్లో వాటిని తయారుచేసి అమ్మడం మొదలుపెట్టాడు. నేటికీ ప్రపంచంలో ఏ బ్రాండు చెయిన్‌సా గొలుసు చూసినా దాదాపుగా ఆ పురుగు దవడే.

పురుగు కథ కంపెనీవాళ్ళు చెప్పీ చెప్పీ పురాణమైపోయింది. అందమైన కథే, కాదనను. కానీ అందరూ పురుగు దగ్గరే ఆగిపోతారు. నాకు ముఖ్యమనిపించింది వేరే. ఆ సి ఆకారపు గుంట లోపల ఒక గుండ్రటి ఆకురాయి సరిగ్గా ఇముడుతుంది. అంటే పన్ను ఆకారమే ఆకురాయికి దారి చూపిస్తుంది. పై అంచు, పక్క అంచు, రెండింటి కోణాలూ ఒకే రాపిడిలో వస్తాయి. చెట్టు కొట్టేవాడే, కొట్టిన చెట్టు మొద్దు మీదే కూర్చుని, పది నిమిషాల్లో తన గొలుసు తానే రాసుకోవచ్చు. పాకలో కూర్చున్న ఎక్కువ జీతపు నిపుణుడి ఉద్యోగం పోయింది. పదును ఇంటికి వచ్చింది. సాఫ్ట్‌వేర్ భాషలో చెప్పాలంటే నిర్వహణ ఖర్చుని డిజైనులోనే ఇమిడ్చేశాడు. మా వృత్తిలో ఇది చేయగలిగినవాళ్ళని వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు.

ఇక తబూక్ తాత పదును పెట్టే తీరు. ఇంట్లో చేసుకోదలచినవాళ్ళకి పనికొస్తుందని కొంచెం వివరంగానే రాస్తాను.

రంపం ఇంజను ఆపి, చల్లారనిచ్చి, చేతికి తోలు గ్లౌజు వేసుకుని పట్టీని బల్లకి ఇరుకుడుపట్టులో బిగిస్తాడు. గొలుసు జరగకుండా బ్రేకు వేసి, మళ్ళీ జరపాల్సినప్పుడు తీస్తాడు. ముందు గొలుసునంతా కిరసనాయిలు బ్రష్షుతో తుడుస్తాడు. ఖర్జూరపు పీచు, జిగురు, ఇసుక పోవాలి. తరువాత అన్నిటికన్నా ఎక్కువ అరిగిన పన్ను ఏదో వెతికి, దాని మీద సుద్దతో గీత పెడతాడు. మొదలు ఎక్కడో తెలియడానికి అదే గుర్తు, మిగతా పళ్ళన్నీ దాని పొడవుకే రావాలి కాబట్టి కొలత కూడా అదే. "బక్కోని లెక్కనే అందరు నడవాలె సారూ" అన్నాడు నాతో.

ఆకురాయి లావు గొలుసుని బట్టి. చిన్న రంపాల సన్నటి గొలుసుకి 4 మిల్లీమీటర్లు, మధ్యరకానికి 4.8, పెద్దవాటికి 5.2 లేదా 5.5. ఇందులో ఉజ్జాయింపు పనికిరాదు. లావైనది పెడితే అంచు మొండిగా వస్తుంది, సన్నది పెడితే అంచు కిందికి తొలిచేసి కొక్కెంలా అయి వెంటనే విరుగుతుంది. ఆకురాయిలో అయిదోవంతు పన్ను పైఅంచుకన్నా ఎత్తుగా కనపడాలి. కోణం 30 డిగ్రీలు, చాలా గొలుసుల మీద ఆ కోణానికి కంపెనీవాళ్ళే గీత గీసి ఇస్తారు. లోపలి నుంచి బయటికి తోయాలి. వెనక్కి తెచ్చేటప్పుడు ఎత్తాలి, రాయకూడదు. ఆకురాయి ఒకవైపే కోస్తుంది, వెనక్కి లాగితే దాని పళ్ళే అరుగుతాయి. ఒక్కో పన్నుకి ఎన్ని తోపులో ముందే అనుకుని, అన్నిటికీ అన్నే. ముందు ఒకవైపు పళ్ళన్నీ, తరువాత రంపం తిప్పి రెండోవైపువన్నీ. ఒకవైపు ఎక్కువ అరిగితే రంపం వంకరగా కోసుకుపోతుంది. పన్ను పైన మెరిసే పొర క్రోమియం పూత. కోసేది నిజానికి ఆ పూత అంచే, కింద ఉక్కు దానికి దన్ను. ఆ పూత లేచిపోయినంత మేరా రాసెయ్యాలి. లేకపోతే చూడటానికి పదునుగా ఉంటుంది, కోతకి ఉండదు.

అందరూ మరిచిపోయేది ఆఖరి మెట్టు. ప్రతి పన్ను ముందూ ఒక చిన్న మూపు ఉంటుంది. పన్ను ఒక్కసారికి ఎంత లోతు కొరకాలో నిర్ణయించేది అదే. పన్ను అరిగే కొద్దీ మూపు దాంతో సమానమైపోయి, పన్ను కర్రని అందుకోలేదు. అందుకని నాలుగైదు పదునులకి ఒకసారి చదును ఆకురాయితో మూపుని కూడా తగ్గించాలి. పన్ను అంచుకన్నా సుమారు 0.65 మిల్లీమీటరు కిందికి. తాత దగ్గర కంపెనీ కొలపట్టీ ఉంది, దాన్ని రూపాయి బిళ్ళలా జేబులో పెట్టుకు తిరుగుతాడు. ఈ అర మిల్లీమీటరు చిల్లర లెక్క ఎందుకంటే, మూపు ఎక్కువ తగ్గితే పన్ను అత్యాశగా కొరికి, రంపం ఒక్కసారిగా మనిషి మొహం మీదికి ఎగిరి తంతుంది. తొందరగా కోస్తుందని మూపులన్నీ నున్నగా రాసేసిన రంపాన్ని ఆయన ఒకసారి నా ఎదురుగానే ఓ కుర్రాడి చేతిలోంచి లాక్కున్నాడు. ఆ గొలుసుని విప్పి, రెండు ముక్కలు చేసి చెత్తలో వేశాడు. కొత్త గొలుసు ధర ఎంతో ఆయనకి తెలుసు, అంత జాగ్రత్త మనిషి. అయినా ఒక్క మాట కూడా అనలేదు.

పదును కుదిరిందో లేదో పొట్టు చెబుతుంది. రేకులు రేకులుగా పడితే కుదిరినట్టు. పిండిలా రాలితే లేనట్టు. ఖర్జూరం దగ్గర మాత్రం ఈ సూత్రం అంత నమ్మలేం, అది కర్ర కన్నా పీచు ఎక్కువ. పైగా ఖర్జూర జాతి చెట్ల ఒంట్లోనే ఇసుకలాంటి సిలికా రేణువులు ఉంటాయి. పైన ఎడారి గాలి రుద్దిన ఇసుక, లోపల చెట్టు దాచుకున్న ఇసుక. అందుకే ఇక్కడ గొలుసు ఆరెగాన్‌లో ఉన్నంతసేపు పదునుండదు.

ఆకురాయి దగ్గరకి వచ్చాం కాబట్టి ఒక పక్కదారి. ఆకురాయి దేన్నైనా రాయాలంటే దానికన్నా గట్టిగా ఉండాలి. కర్బనం ఒక శాతం దాటిన ఉక్కుతో చేస్తారు. అలాంటి ఉక్కుని మూసల్లో కరగబెట్టి చేసినవాళ్ళలో మన కమ్మరులు ప్రపంచప్రసిద్ధులు. నిజామాబాద్ జిల్లా కోనసముద్రంలో తయారైన ఉక్కుని కొనడానికి పర్షియా వర్తకులు ఆ పల్లెదాకా వచ్చి కూర్చునేవారని 1820లలో అటువైపు తిరిగిన హెన్రీ వాయిసీ రాశాడు. డమాస్కస్ కత్తులని లోకం పొగిడినవాటిలో ఈ ఉక్కు ఉంది. ఇంగ్లీషువాళ్ళు దాన్ని ఊట్జ్ అన్నారు. మన ఉక్కు అన్న మాటే అలా వంకరపోయిందంటారు. అరబ్బీలో మంచి కత్తికి ముహన్నద్ అని పేరు, అంటే హిందూ దేశపుది అని. మన కాలంలో జైకిషన్ లాంటి పరిశోధకులు ఉత్తర తెలంగాణ పల్లెల్లో తిరిగి, పాత కొలుముల దిబ్బలు ఎక్కడెక్కడున్నాయో రాసిపెట్టారు. కోనసముద్రం మా తాత ఊరికి దూరమేం కాదు. ఆ సంగతి చెబితే "మా దిక్కు చిట్టెం కుప్పలు మస్తుంటయి సారూ, పిల్లలప్పుడు దాని మీద ఆడుకునేటోళ్ళం" అన్నాడు. ఇప్పుడు ఆయన చేతిలోని ఆకురాయి కూడా చాలాసార్లు ఇండియాదే. మన పెళ్ళికొడుకుల సూటు బట్టల రేమండ్ వాళ్ళ కుటుంబంలోదే జె.కె. ఫైల్స్, రత్నగిరిలో వాళ్ళ ఫ్యాక్టరీ. ఉక్కు పోయే దారి మారలేదన్నమాట. దాని వెనకే మనుషులు కూడా బయల్దేరడం ఒక్కటే కొత్త.

డమాస్కస్ అన్నాను కదా. డమాస్కస్ నుంచి తబూక్‌కి ఒకప్పుడు రైలు ఉండేది. హిజాజ్ రైల్వే. 1900లో మొదలై, 1906లో తబూక్ చేరి, 1908కల్లా మదీనా దాకా వెళ్ళింది. తబూక్ స్టేషను భవనాలు ఇప్పటికీ ఊరి మధ్యలో ఉన్నాయి, బాగుచేసి మ్యూజియంలా ఉంచారు. ఆ రైలు పట్టాల కింద చాలాచోట్ల కర్ర దిమ్మలకి బదులు ఇనుప దిమ్మలు వేశారు. ఈ ప్రాంతంలో కర్ర ఎంత అపురూపమో ఆ ఒక్క సంగతి చెబుతుంది. కానీ మొదటి ప్రపంచ యుద్ధంలో బయటినుంచి బొగ్గు రావడం ఆగిపోయాక ఇంజన్లకి కట్టెలే గతి అయ్యాయి. ఉత్తరాన షౌబక్ దగ్గర ఉన్న కొద్దిపాటి సింధూర వనాల్ని నరకడానికి ఏకంగా ఒక చిన్న రైలుదారి వేశారు. చెయిన్‌సాలు లేని రోజులవి. అన్నీ గొడ్డళ్ళూ, చేతి రంపాలూ. మూడు నాలుగేళ్ళలో వందల ఏళ్ళ చెట్లు పొగ అయిపోయాయి. చేతి రంపం నెమ్మదైనది కాబట్టి అడవికి మంచిదని ఎవరైనా అంటే నేను షౌబక్ పేరు చెబుతాను.

కాక్స్ గొలుసు వచ్చాక ఆ నెమ్మది కూడా పోయిందన్నది మాత్రం నిజం. పదును ఇంటికి రావడంలో మంచే కాదు, ఇదీ ఉంది. పాకలోని నిపుణుడు రోజుకి ఇన్ని రంపాలే రాయగలడన్న హద్దు ఒకటి ఉండేది, ఎవరూ కావాలని పెట్టింది కాదు. అది పోయింది. ఎవడి గొలుసు వాడే పది నిమిషాల్లో రాసుకుంటే, రోజంతా కోయవచ్చు. ఇరవయ్యో శతాబ్దపు రెండో సగంలో ప్రపంచంలో అడవులు కరిగిన వేగానికి ఇంజనునే తిడతారు. గుండ్రటి ఆకురాయికి కూడా అందులో వాటా ఉందని నా అభిప్రాయం.

తబూక్‌లో ఇది పుస్తకాల విషయం కాదు. సౌదీలకి చలికాలంలో ఎడారిలో మంట వేసుకుని, దాని చుట్టూ కూర్చుని ఖహ్వా తాగడం ప్రాణం. దానికి తుమ్మజాతి కట్టె, తల్హ్, సమర్, అన్నిటికన్నా ఇష్టం. పొగ తక్కువ, నిప్పు ఎక్కువసేపు ఉంటుంది. వాగుల్లో ఎక్కడో ఒకటి ఉండే చెట్లు అవి, పెరగడానికి దశాబ్దాలు పడుతుంది. అందుకే ప్రభుత్వం స్థానిక కట్టెల అమ్మకాన్ని నిషేధించి, దిగుమతి కట్టెల్ని ప్రోత్సహిస్తోంది. 2020లో వచ్చిన పర్యావరణ చట్టం ప్రకారం చెట్టు నరికితే భారీ జరిమానాలూ, జైలూ ఉన్నాయి. పట్టుబడ్డవాడు విదేశీ కూలీ అయితే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. నరికించినవాడు ఎక్కడో ఉంటాడు, రంపం పట్టుకున్నవాడే దొరుకుతాడు.

రెండేళ్ళ క్రితం చలికాలంలో క్యాంపుకి బయటినుంచి కొందరు, మన భాషవాళ్ళే, రాత్రిపూట గొలుసులు పట్టుకుని తాత దగ్గరికి రావడం మొదలుపెట్టారు. గొలుసుకి ఇంత అని ఇస్తామన్నారు. మొదటిసారి ఆయన ఒక గొలుసు తీసుకుని లైటు కింద పెట్టి చూశాడట. పళ్ళ సందుల్లో ఎర్రటి పొట్టు. ఆలివ్ పొట్టు అలా ఉండదు, ఖర్జూరం పీచు అసలే ఉండదు. "ఇది తుమ్మ. యాడ కోసిన్రు?" అని అడిగాడు. వాళ్ళు నవ్వేశారు. ఆయన గొలుసు తిరిగి ఇచ్చేశాడు. డబ్బు రెట్టింపు చేస్తామన్నారు. ఇంకో రాత్రి ఇంకొకడు వచ్చి, ఊళ్ళో అప్పు కట్టాలి పెద్దయ్యా, నాకు తోట పని దొరకలేదు, ఇదొక్కటే దొరికింది, రంపం మొద్దుగా ఉంటే రెండు గంటల పని నాలుగు గంటలవుతుంది, అంతసేపు వాగులో ఉంటే దొరికిపోతాను అన్నాడట. తాత ఆ కుర్రాడి గొలుసు రాశాడా లేదా అని నేను అడిగాను.

"రాయలేదు సారూ. కానీ వానికి తొవ్వ ఖర్చుకిచ్చిన" అన్నాడు. కాసేపాగి, "వాడు మళ్ళ వేరేటోని తాన రాయించుకుండో ఏమో" అన్నాడు.

నేను స్టోర్సు లెక్కలన్నీ పట్టికగా వేసి, ఈ మనిషి వల్ల ఒక సంవత్సరంలో ఎన్ని గొలుసులు మిగిలాయో పై అధికారులకి చూపించాను. ఆయన చేత మిగతా తోటల కుర్రాళ్ళకి నేర్పిస్తే బాగుంటుందని రాశాను. నేర్పించడానికి ఒప్పుకున్నారు. జీతం విషయం అడిగితే, ఆమిల్ అన్న వృత్తికి ఒక వరస ఉంది, అది దాటడం కుదరదన్నారు. ఆరెగాన్ అడవిలో ఆ పాకలోని మనిషికి అందరికన్నా ఎక్కువ ఎందుకిచ్చారో నేను వివరించబోయాను. అధికారి మర్యాదగానే విని, చాయ్ తెప్పించాడు.

తాత కుర్రాళ్ళకి వరసగా ఆరు శుక్రవారాలు నేర్పాడు. తెలుగువాళ్ళు, బంగ్లాదేశీలు, ఇద్దరు సూడానీలు. భాష పెద్దగా అక్కర్లేకపోయింది. చేతులు పట్టుకుని కోణం చూపించేవాడు, తోపులు మాత్రం అరబ్బీలో లెక్కపెట్టించేవాడు. వాహిద్, ఇత్నేన్, తలాతా, ఎత్తు. ఆ "ఎత్తు" ఒక్కటీ తెలుగులోనే ఉండిపోయింది, బంగ్లాదేశీ కుర్రాళ్ళు ఇప్పటికీ అలాగే అంటారు.

పోయిన వేసవిలో ఆయన పూర్తిగా ఇంటికి వెళ్ళిపోయాడు. కొలపట్టీ తీసుకెళ్ళాడు, ఆకురాళ్ళు వదిలేశాడు. ఈ మధ్య వాట్సాప్‌లో మాట్లాడినప్పుడు ఊళ్ళో కోతమిల్లువాళ్ళు అడిగితే రెండు రంపాలు రాసిచ్చానన్నాడు. తోటల లెక్క ఎట్లుందని అడిగాడు. గొలుసుల ఖర్చు రెండు తోటల్లో తగ్గింది, మూడో తోటలో తగ్గలేదని చెప్పాను.

"మూపులు రాస్తలేరు ఆడ" అన్నాడు వెంటనే. "పట్టీ పంపియ్యాల్నా?"